అనుమతి ఉన్న మొరటుతనానికీ హద్దు నేర్పే జియు-జిట్సు శిక్షణ కేంద్రం

మా ప్రాంతంలోని ఈ బ్రెజిలియన్ జియు-జిట్సు (ప్రత్యర్థిని నేల మీద పట్టి లొంగదీసే, కుస్తీ లాంటి యుద్ధకళ) శిక్షణ కేంద్రంలో నాకు అన్నిటికంటే నచ్చినది, నియమాలు అనుమతించే మొరటుతనాన్ని ఎవరి మీద, ఎంతవరకు వాడాలో గురువుగారు విడమరచి చెప్పే తీరు. ముంజేతితో దవడను నొక్కి ముఖం పక్కకు తిప్పడం, పొట్ట మీద మోకాలు మోపి బరువంతా వేయడం పోటీల్లో తప్పు కావు. పైగా రెండోదానికి 2 పాయింట్లు కూడా వస్తాయి. అయినా కొత్తగా చేరినవారిపై, బాగా తేలికైనవారిపై వాటిని పూర్తి బలంతో ప్రయోగించడాన్ని ఇక్కడ ఒప్పుకోరు. మణికట్టును వంచి లొంగదీసే పట్టును ఈ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య పెద్దలకు నీలం బెల్టు (తెల్ల బెల్టు తర్వాతి స్థాయి) నుంచి అనుమతిస్తున్నప్పటికీ, ప్రత్యర్థి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునే వ్యవధి ఇవ్వకుండా మెలిపెట్టడం నా దృష్టిలో పిరికితనమే. సాయంత్రం తరగతిలో చోటు ఇరుకు. రుసుము మాత్రం సబబుగానే ఉంది.