చక్రం కట్టర్‌తో రెండేళ్లు: విండ్ చైమ్స్ పైపులకి మంచిదే, ఇరుసు పిన్ను మీద కన్నేసి ఉంచితే

నాబ్ బిగిస్తూ పైపు చుట్టూ తిప్పే చిన్న కట్టర్ ఇది. విండ్ చైమ్స్, అంటే గాలికి మోగే పైపుల గంటల కోసం రెండేళ్లుగా వాడుతున్నాను. నాకు నచ్చిందల్లా ఒక్కటే: గీత ఎక్కడ పెడితే అక్కడే తెగుతుంది. హ్యాక్సా బ్లేడు దాదాపు మిల్లీమీటరు లోహాన్ని పొడి చేసేస్తుంది. చక్రం లోహాన్ని పక్కకి నొక్కుకుంటూ దిగుతుందే తప్ప తినెయ్యదు.

మామూలు పనులకి ఈ తేడా పట్టదు. స్వరం పలకాల్సిన పైపుకి పడుతుంది. పైపు పొడవు సగమైతే పౌనఃపున్యం నాలుగు రెట్లవుతుంది. 400 మి.మీ. పైపుని 11 మి.మీ. తగ్గిస్తే చాలు, పక్క స్వరస్థానానికి పోతుంది. 200 మి.మీ. పైపుకైతే 6 కూడా అక్కర్లేదు. ఒకే పైపులోంచి మోహన రాగం స్వరాలు కావాలంటే పొడవులు మి.మీ.లో ఇవి: స 500, రి 471, గ 447, ప 408, ద 387, పై స 354. ఇక్కడ మిల్లీమీటరు తప్పినా పక్క పైపుతో కలిసి మోగినప్పుడు చెవికి దొరికిపోతుంది.

ఏడాదిన్నర దాకా పేచీ లేదు. తర్వాత గాడి మొదలైన చోటే కలవడం మానేసి, మరచుట్టులా పక్కకి జరగడం మొదలైంది. చక్రం మొద్దుబారిందనుకుని కొత్తది వేస్తే అదే వరస. అసలు దోషం చక్రం తిరిగే ఇరుసు పిన్నుది. ఊడదీసి చూస్తే ఒకవైపు మెరిసిపోతూ చదునుగా అరిగి ఉంది, గోరు పెడితే అంచు తగులుతోంది. ఆ వదులులో చక్రం పక్కలకి ఊగుతోంది. పిన్ను మార్చాక గాడి మళ్లీ కలిసింది. అరగడానికి కారణం అతిగా బిగించడమే. ఒక చుట్టుకి నాబ్ పావు తిప్పు మించకూడదు. అర తిప్పు బిగిస్తే పలచని పైపు కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది కూడా. పైపు ఆనే రోలర్ల మీద అల్యూమినియం పొడి అంటుకున్నా పైపు వంకరగా కూర్చుంటుంది, అందుకే ప్రతి కోతకి ముందు తుడిచి చక్రానికి ఒక చుక్క నూనె వెయ్యాలి.

ఇప్పుడు మొదటి చుట్టు తేలిగ్గా గీసి, గీత కలిసిందో లేదో చూశాకే బిగిస్తాను. కలవకపోతే ఆ గాడిని లోతు చెయ్యకూడదు. గీత దగ్గర కాగితం అంచులు కలిసేలా చుట్టి, 2 మి.మీ. ఎక్కువ ఉంచి, అంగుళానికి 32 పళ్ల బ్లేడుతో కోసి, ఆకురాయితో గీత దాకా దించాలి.

గీత మీదే తెగుతుందన్నాను గానీ, లోపలి అంచు మాట వేరు. చక్రం అక్కడ లోహాన్ని లోపలికి ముడుస్తుంది. ఆ పెదవిని గీకేస్తే చివర బరువు తగ్గి స్వరం కొంచెం పైకి లేస్తుంది. అందుకని నేనిప్పుడు మిల్లీమీటరు ఎక్కువే ఉంచి కోస్తాను. అంచు గీకి, పైపు చల్లారాక శ్రుతి చూస్తాను. తాడు రంధ్రం, అంటే చివర నుంచి పొడవులో 22.4 శాతం దగ్గరది, ఆ తర్వాతే. పొట్టిదైపోయిన పైపుని పై స్వరానికి వాడుకోవడమే.

1 మి.మీ. మందం రాగి, అల్యూమినియం పైపులకి, వరసగా సెట్లు చేసేవాళ్లకి ఇది కొనమంటాను. 2 మి.మీ. దాటితే లోపలి పెదవి మరీ పెద్దదై, గీకడానికే కోతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఒక్క సెట్టు కోసమైతే హ్యాక్సా, ఆకురాయి చాలు. కొనేటట్టయితే మాత్రం చక్రం ఒక్కటే కాదు, పిన్ను కూడా విడిగా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.