విశాఖలో సెవెన్ తరహా కిట్ కారు: నాలుగేళ్ల వాడకం తర్వాత

1957లో లోటస్ తెచ్చిన సెవెన్ కారును చూసి ఇప్పటికీ జనం షెడ్డుల్లో నకళ్లు కట్టుకుంటున్నారంటే కారణం దాని సూటి నిర్మాణమే. చదరపు గొట్టాల చట్రం, ముందు ఇంజను, వెనక చక్రాలకు శక్తి, పైన పలచని అల్యూమినియం రేకు. అసలు సెవెన్ హక్కులు 1973లో కేటర్‌హామ్ అనే కంపెనీకి వెళ్లాయి. తక్కువ ఖర్చుతో కట్టే నకళ్లకు లోకాస్ట్ అని పేరు పడింది, బ్రిటన్‌లో 750 మోటార్ క్లబ్ వాటికి విడిగా పోటీలు కూడా నడుపుతుంది. మేం నాలుగేళ్లుగా వాడుతున్నది ఆ కోవలోదే, భాగాలుగా కొని కూర్చుకునే కిట్ కారు. చట్రం, విష్‌బోన్‌లు (చక్రాన్ని చట్రానికి కలిపే వి ఆకారపు చేతులు), ఫైబర్ ముక్కు, మడ్‌గార్డులు కిట్‌లో వచ్చాయి. ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ పాత మారుతి జిప్సీ కింగ్‌వి. ముందు హబ్‌లు, అంటే చక్రాలు బిగించే భాగాలు, మారుతి ఎస్టీమ్‌వి. డ్రైవరు లేకుండా బరువు 580 కిలోలు.

ఈ కారు చవకే. కాకపోతే మొదటి డబ్బు ఆయిల్ సంప్‌కి (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ముందు హబ్‌లకి, తుప్పు నివారణకి, రోల్ బార్‌కి (బోల్తా పడితే తలను కాపాడే గొట్టం) పెట్టిన వాళ్లకే చవక. ముందు క్యామ్‌షాఫ్టు, ఎగ్జాస్టు కొని ఇవి తర్వాత చూద్దామనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రోడ్డు సంగతి మరిచిపోవాలి. జిప్సీ ఆర్‌సీ చేతిలో ఉంది కదా అని ఆ నంబరు దీనికి తగిలించడం కుదరదు. తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భీమిలి రోడ్డు మీద ఒక్క చక్కర్ అనే ఆశ కూడా వద్దు. ట్రాలీ మీద ఎక్కించాలి, ట్రాక్ మీదే దించాలి. మేం వెళ్లేది శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌కి, పొడవు 3.717 కిలోమీటర్లు. ఎన్‌హెచ్ 16 మీద సుమారు 800 కిలోమీటర్ల ప్రయాణం. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే, 2.1 కిలోమీటర్లు, ఇంకా దూరం.

జిప్సీనే ఎందుకంటే ఇంజను కారు పొడవు దిశలో కూర్చుంటుంది, గేర్‌బాక్సు వేరు, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వేరు. ట్రాన్స్‌ఫర్ కేసు తీసేసి గేర్‌బాక్సు నుంచి నేరుగా వెనక్కి షాఫ్టు వేసుకోవచ్చు. ఆ కేసు హై రేంజ్‌లో (మామూలు రోడ్డుకి వాడే స్థితిలో) కూడా సుమారు 1.4 రెట్లు వేగం తగ్గిస్తుంది కాబట్టి అది పోగానే గేరింగ్ బాగా పొడవవుతుంది, అంటే ఇంజను అంతే తిరిగినా కారు ఎక్కువ వేగంగా పోతుంది. 185/60 ఆర్14 టైర్లు జిప్సీ టైర్ల కన్నా చిన్నవి గనక కొంత సర్దుకుంటుంది, అయినా మొత్తం మీద 20 శాతం దాకా పొడవే మిగులుతుంది. ఈ బరువుకి అది ఇబ్బంది కాదు, ఐదో గేరు అవసరమే రాదు. 1298 సీసీ, 80 హార్స్‌పవర్ చాలు. ఫార్ములా ఎల్‌జీబీ 1300 రేసు కార్లలో వాడేదీ మారుతి 1.3 ఇంజనే కావడంతో కోయంబత్తూరు వైపు దీని గుట్టుమట్లు తెలిసిన చేతులున్నాయి. ఒక జాగ్రత్త: జిప్సీ వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మీది గేర్ల పెట్టె) సరిగ్గా మధ్యలో ఉండదు. షాఫ్టు వెళ్లే టన్నెల్ వెల్డింగ్ చేయకముందే యాక్సిల్ కింద పెట్టి కొలవాలి. షాఫ్టు రెండు చివర్లా కోణాలు సమానంగా రాకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోదు. షాఫ్టు డ్రైవరు తుంటి పక్కనే తిరుగుతుంది, కాబట్టి దాని చుట్టూ ఇనుప కడియం తప్పనిసరి.

ముందు హబ్‌ల దగ్గర కిట్ సూచనల పుస్తకం మౌనంగా ఉంది, ప్రమాదం అక్కడే ఉంది. ఎస్టీమ్ ముందు చక్రాలతో నడిచే కారు. దాని వీల్ బేరింగును బిగించి పట్టుకునేది డ్రైవ్ షాఫ్టు బయటి సీవీ జాయింట్ (చక్రం పక్కకి తిరిగినా శక్తి అందించే కీలు) ముక్క, దాని నట్టు. మనకు ముందు షాఫ్టు లేదు కదా అని ఆ రంధ్రం ఖాళీగా వదిలేస్తే బేరింగు లోపలి ఉంగరాలు (రేసులు) విడిపోతాయి, చక్రం ఊగుతుంది. పాత సీవీ జాయింట్ తెచ్చి, లోపలి బాల్స్, కేజ్ తీసేసి, బయటి గిన్నెను దాని స్టబ్‌తో సహా హబ్‌లో దించి, మాన్యువల్‌లోని టార్క్‌కి బిగించాలి. గిన్నె అంచును లేత్ మీద కోయిస్తే బరువు కూడా తగ్గుతుంది. ఆటోనగర్‌లో ఇది అరపూట లేత్ పని. ఎస్టీమ్‌లో స్ట్రట్ (సస్పెన్షన్ కడ్డీ) బిగించే చోట పై బాల్‌జాయింటు కోసం వేసే అడాప్టరు మాత్రం మెత్తటి ఇనుముతో చేయించకండి. ఈఎన్8 లేదా ఈఎన్24 రకం గట్టి ఉక్కు కడ్డీ అడగండి, ప్రతి సీజను ముందు డై పెనెట్రెంట్‌తో (సన్నని పగుళ్లలోకి ఇంకే రంగు) పగుళ్లు చూడండి.

ఆయిల్ విషయం ఇంకా ఖరీదైనది. జిప్సీ సంప్ మెల్లగా మలుపు తిరిగే బండికి చేసినది. ఇక్కడ పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఎగబాకి పికప్ గొట్టం గాలి పీలుస్తుంది. ప్రెజర్ ఒక్క క్షణం పడిపోతే బిగ్ ఎండ్ బేరింగు (పిస్టన్ కడ్డీ కింది చివర ఉండేది) రాసుకుపోతుంది, చప్పుడు వినిపించేసరికి క్రాంక్ కూడా పోయినట్టే. సంప్ లోపల పికప్ చుట్టూ నాలుగు గోడల పెట్టె, లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించాలి. గుర్తు మీద అర లీటరు ఎక్కువ పోయాలి. ముల్లు గేజీని మలుపులో ఎవరూ చూడలేరు కాబట్టి పెద్ద ఎర్ర లైటు పెట్టుకోవాలి. పెట్రోలుదీ ఇదే గొడవ: ట్యాంకు సగం కన్నా తగ్గితే మలుపులో ఇంజను దగ్గుతుంది. పంపు ముందు ఒక లీటరు స్వర్ల్ పాట్ (పెట్రోలు నిల్వ ఉండే చిన్న డబ్బా) పెడితే ఆ దగ్గు ఆగిపోతుంది.

విశాఖలో ఈ కారుకు అసలు శత్రువు ఉప్పుగాలి. అల్యూమినియం రేకు ఇనుప గొట్టానికి నేరుగా తగిలి, మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపించిందంటే లోపల పని మొదలైపోయిందన్నమాట. మా కారులో రెండో వర్షాకాలానికే కాళ్ల దగ్గరి రేకు రివెట్లు వదులయ్యాయి, ఆ వైపు రేకంతా ఊడదీసి మళ్లీ వేయాల్సి వచ్చింది. చట్రానికి 25 మిల్లీమీటర్ల, 16 గేజ్ గొట్టం సుమారు 50 మీటర్లు పడుతుంది, అంటే దాదాపు 60 కిలోలు. అంత గొట్టానికీ బ్లాస్టింగ్, జింక్ ఎపాక్సీ ప్రైమర్, పైన పడవలకు వేసే ఎపాక్సీ పెయింట్ వేయించాలి. రేకుకీ గొట్టానికీ మధ్య పాలీయురేథేన్ సీలెంట్ పూసి, అది తడిగా ఉండగానే రివెట్ కొట్టాలి. చివర మూసి ఉన్న సీల్డ్ రివెట్లే కొనండి. మామూలు వాటిలో ఇరుక్కునే ఇనుప పిన్ను తుప్పు పట్టి రేకు మీద ఎర్ర చారలు దింపుతుంది. చట్రం అడుగు గొట్టాల్లో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి లోపల మైనం స్ప్రే చేయాలి. ఎర్త్ వైర్ల దగ్గర పెయింటు గీకి బిగించాక పైన గ్రీజు పూయండి. స్టార్టరు తిరగడం లేదని వచ్చిన ప్రతిసారీ లోపం అక్కడే దొరికింది.

బ్రేకులకు సర్వో (పెడల్ నొక్కే బలాన్ని పెంచేది) లేదు, అవసరమూ లేదు. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ మరుగు ఉష్ణోగ్రత ప్రమాణం కొత్తగా 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. మన ఊరి గాలిలో తెరిచిన డబ్బా దాచుకోకండి, ప్రతి ట్రాక్ ప్రయాణానికి ముందు మార్చేయండి. టైర్లలో చల్లగా ఉన్నప్పుడు 18 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. మామూలు కారులా 30 పెడితే ముందు చక్రాలు జారిపోతాయి. ముందు క్యాంబర్ (చక్రం పైభాగం వాలు) మైనస్ 2 డిగ్రీలు, అంటే లోపలికి. నాలుగు కాటాల మీద, సీట్లో డ్రైవరు బరువు కూడా పెట్టి తూచండి. ఎదురెదురు మూలల (ముందు ఎడమ, వెనక కుడి ఒక జత; ముందు కుడి, వెనక ఎడమ ఇంకో జత) మొత్తం సగం సగం వచ్చేదాకా స్ప్రింగ్ సీట్లు తిప్పడమే, ఒక పూట పని. దీని ముందు ఇంజను ట్యూనింగ్ దిగదుడుపే.

కిట్‌తో వచ్చిన రోల్ బార్ అలంకారం మాత్రమే, వాడకండి. ప్రపంచ మోటార్‌స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధన ప్రకారం ప్రధాన హూప్ (డ్రైవరు వెనక వంపు గొట్టం) 45 × 2.5 మిల్లీమీటర్ల సీమ్‌లెస్, అంటే అతుకు లేని గొట్టం. అతుకు వెల్డింగ్ చేసిన ఈఆర్‌డబ్ల్యూ గొట్టం పనికిరాదు. సీటు బెల్టులకు తయారీ నుంచి ఐదేళ్లే గడువు, సెకండ్ హ్యాండ్‌వి కొనేముందు ట్యాగ్ చదవండి. ఇలాంటి సొంత తయారీ కారు ఏ తరగతిలో పడుతుందో, అసలు పడుతుందో లేదో ఆ పోటీకి విడిగా ఇచ్చే సప్లిమెంటరీ రెగ్యులేషన్లలో ఉంటుంది. దేశ మోటార్‌స్పోర్ట్ సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సుకు, ఎంట్రీ ఫీజుకు డబ్బు కట్టకముందే నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ట్రాలీలో మా పెట్టెలో ఎప్పుడూ ఉండేవి: ఒక ముందు హబ్ పూర్తిగా, రెండు బాల్‌జాయింట్లు, క్లచ్ కేబుల్, ఫ్యాను రిలే, రేడియేటర్ పైపులు, 5 లీటర్ల ఆయిల్, మంచినీళ్ల డబ్బా. మొదటి 20 నిమిషాల సెషన్ అయ్యాక వీల్ నట్లు, విష్‌బోన్ బోల్టులు, యాక్సిల్ బ్రాకెట్లు అన్నీ టార్క్ పానాతో మళ్లీ చూడాలి. ఇంటికొచ్చాక మంచినీళ్లు ముందు చట్రం అడుగుకే పోయాలి.