జిర్కానా, మోనజైటా, గార్నెటా? రూపాంతర శిల వయసుకి ఏది మేలు

పాత నైస్ రాయి (లోతులో వేడికి, ఒత్తిడికి మారి పొరలు తేలిన రూపాంతర శిల) చేతిలో ఉంది, ఒక్క పద్ధతికే బడ్జెట్ ఉంది, దేంతో డేటింగ్ (వయసు లెక్క) చేయించాలి అని చాలామంది అడుగుతున్నారు. జిర్కాన్, మోనజైట్, గార్నెట్ మూడూ రాయిలో గింజలుగా దొరికే ఖనిజాలే, అందరికీ ముందు తట్టేది జిర్కాన్. తప్పేం కాదు, కానీ కొండలు ఎలా లేచాయో తేల్చడానికైతే నా ఓటు గార్నెట్‌కే.

జిర్కాన్ బలం తెలిసిందే, పుట్టేటప్పుడు యురేనియంని రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు, కాబట్టి లోపలున్న సీసం తర్వాత యురేనియం క్షీణించి వచ్చిందే, దాన్ని బట్టే వయసు లెక్కేస్తారు, 900 డిగ్రీల వేడి తగిలినా లోపలి లెక్క అంత తేలిగ్గా చెరగదు. కెనడాలోని అకాస్టా నైస్ వయసు 400 కోట్ల ఏళ్ళు దాటిందని తేల్చింది జిర్కానే. అయితే అది శిలాద్రవం గడ్డకట్టిన వయసు, నైస్‌గా మారిన వయసు కాదు! చిక్కంతా ఇక్కడే ఉంది. కాథోడోల్యూమినిసెన్స్ ఫోటోలో (ఎలక్ట్రాన్లు తగిలి గింజ వెలిగేటప్పుడు తీసేది) ఒక గింజని చూడండి, మధ్యలో సన్నటి చారలున్న పాత భాగం, దాని చుట్టూ చారల్లేని పల్చటి తొడుగు కనిపిస్తాయి. రూపాంతరం వయసు ఉండేది ఆ తొడుగులో, అదేమో ఒక్కోసారి 10 మైక్రాన్లు కూడా ఉండదు, వయసు కొలిచే అయాన్ ప్రోబ్ యంత్రం గింజ మీద తాకే మచ్చేమో 20, 30 మైక్రాన్లు ఉంటుంది. మచ్చ సగం ఇటు సగం అటు పడిందంటే వచ్చిన అంకె ఏ సంఘటనదీ కాదు. తొడుగు మందంగానే దొరికిందనుకోండి, రాయి కొంత కరిగిన చోట జిర్కాన్ వేడెక్కేటప్పుడు కరిగిపోయి చల్లారేటప్పుడు మళ్ళీ పెరుగుతుంది, అంటే మనం కొలిచింది చల్లారిన కాలాన్ని, లోతుకి దిగిన కాలాన్ని కాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే, వయసు ఎంత కచ్చితంగా వచ్చిందని కాదు, ఆ వయసు దేనిది అని. గార్నెట్ దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఆ గింజలోనే ఉంటుంది. కేంద్రం నుంచి అంచు దాకా మాంగనీస్, కాల్షియం ఎలా మారాయో చూసి, పక్కనున్న ఖనిజాలతో కలిపి లెక్కేస్తే ఏ ఒత్తిడిలో, ఏ వేడిలో పెరిగిందో వస్తుంది, లుటీషియం-హాఫ్నియంతో (లుటీషియం క్షీణించి హాఫ్నియంగా మారే లెక్క) అదే గింజ వయసూ వస్తుంది. లుటీషియం కేంద్రంలో పోగవుతుంది కాబట్టి ఆ వయసు పెరుగుదల మొదటి దశ వైపు మొగ్గుతుంది, అలాంటిదే ఇంకో జంట సమేరియం-నియోడిమియం, దాని వయసు కాస్త తర్వాతి దశ వైపు. రెండూ చేయిస్తే పెరగడానికి ఎంత కాలం పట్టిందో కూడా అంచనా దొరుకుతుంది.

చాకిరీ మాత్రం ఎక్కువే. మైక్రోస్కోప్ కింద ఒక్కో ముక్కా ఏరాలి, లోపల ఇరుక్కున్న చిన్న జిర్కాన్ గింజలతో జాగ్రత్త, వాటి నిండా హాఫ్నియమే, అవి కూడా కరిగితే వయసు పాడైపోతుంది. అందుకే హాట్‌ప్లేట్ మీద యాసిడ్‌లో గార్నెట్ వరకే కరిగిస్తారు, జిర్కాన్ అలాగే మిగిలిపోతుంది.

గ్రాన్యులైట్ రాళ్ళు (బాగా ఎక్కువ వేడిలో మారిన రూపాంతర శిలలు) చాలాకాలం 800 డిగ్రీలపైన ఉండిపోయి ఉంటే లుటీషియం కదిలిపోతుంది, అప్పుడు నేనూ మోనజైట్‌కే వెళ్తా. గార్నెట్ పెరుగుతూ ఇట్రియంని లాగేసుకుంటుంది కాబట్టి ఆ సమయంలో పెరిగిన మోనజైట్ పొరలో ఇట్రియం తక్కువుంటుంది, ఆ గుర్తు పట్టుకుని ఏ పొర ఎప్పటిదో చెప్పొచ్చు. రాయిని పల్చగా కోసి చేసిన సెక్షన్‌లో, గింజ ఉన్నచోటే కొలవొచ్చు కూడా. కాకపోతే వేడి ద్రవాలు పారిన రాళ్ళలో మోనజైట్ కరిగి కొత్తగా ఏర్పడుతుంది, అది చూసుకోవాలి.

ఆర్గాన్ పద్ధతి (పొటాషియం క్షీణించి ఆర్గాన్‌గా మారే లెక్క) చల్లారిన కాలానికి, బయోటైట్ (నల్ల అభ్రకం) అయితే సుమారు 300 డిగ్రీలకి దిగిన కాలానికి, పనికొస్తుంది అంతే. మొత్తం రాయిని పొడి చేసి చేసే రుబీడియం-స్ట్రాన్షియం జోలికి నేను పోను.


ఒక్కటి మర్చిపోవద్దు, ఏది ఎంచుకున్నా ముందు సెక్షన్ కోయించి, ఆ ఖనిజం పొరల మెలికలకి ముందు పెరిగిందా తర్వాత పెరిగిందా చూసుకున్నాకే గింజలు ల్యాబ్‌కి పంపండి.