పొట్టేలు పిల్లలు కొనేవాళ్ళు జాగ్రత్త, ముందే దడిలో కుక్కి పెట్టిన మందని కొనకండి

బక్రీద్‌కి అమ్ముదామని పిల్లల్ని కొని పెంచేవాళ్ళు, కొత్తగా షెడ్డు వేసుకున్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మీరు వెళ్ళేసరికే మందని తోలుకొచ్చి దడిలో ఇరికించి, పక్కన బొలెరో రెడీగా పెట్టి "త్వరగా తేల్చన్నా, లేకపోతే సంతకి ఎక్కించేస్తాం" అని తొందరపెట్టేవాళ్ళ దగ్గర ఒక్క జీవాన్ని కూడా కొనొద్దు.

మాకు జరిగింది చెప్తా. ఊరి బయట చిన్న దొడ్డి, మధ్యలో ఒక దళారి. ముందురోజు సాయంత్రం మేత మీద ఉన్నప్పుడు చూసి, మంచి నెల్లూరు జొడిపి జాతి పిల్లల్ని ఏరి వీపు మీద రంగు పెట్టించి అడ్వాన్స్ ఇచ్చాం, తెల్లారి మేం వెళ్ళేలోపే చీకట్లోనే అన్నిట్నీ కలిపి లోపలికి తోలేశారు, రంగు గుర్తులైతే ఉన్నాయి గానీ కొన్ని మేం ఏరినవి కానే కావు. జొడిపి అంటే కళ్ళ చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలుండాలి కదా, మచ్చే లేని తెల్లవాటికి కూడా మా రంగే పూసి ఉంది. మంద యజమానిని అడిగితే చీకట్లో కలిసిపోయాయంటాడు, అడ్వాన్స్ వెనక్కివ్వమంటే దళారి మీదకి తోస్తాడు.

అంతకంటే ఘోరం తూకం. కిలో లెక్కన బేరం కాబట్టి రాత్రి ఉప్పు నాకించి నీళ్ళు తాగించారు, మక్కజొన్న దండిగా పెట్టారు. ఇంటికి తెచ్చాక బాగా బలంగా కనిపించిన పిల్లలే ముందు గిలగిలా కొట్టుకుని చనిపోయాయి. డాక్టర్ గారు కోసి చూసి చిటుక రోగం అన్నారు. అలవాటు లేని గింజ ఒక్కసారిగా పడితే పేగుల్లో ఉన్న క్రిములే విషం తయారుచేస్తాయంట, మందు వేసే టైం కూడా ఉండదు. ఆ మూగజీవాలు ఏం పాపం చేశాయని, నాలుగు కిలోల కోసం ఇంత పని చేస్తారా అని ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది.

అందుకే మందని కొట్టంలోకి తోలేటప్పుడు మీరు అక్కడే ఉండండి. వదులుగా నడుస్తున్నప్పుడే కుంటేది, వెనకబడేది, దగ్గేది తెలుస్తుంది, ఇరుకులో నిలబెడితే అన్నీ ఒకేలా కనపడతాయి. నచ్చినదాన్ని పట్టించి నోరు తెరిచి చూడండి, ముందు రెండు పెద్ద పళ్ళు వచ్చాయంటే అది ఏడాది దాటింది, పిల్ల కాదు. కంటి కింది రెప్ప లాగితే ఎర్రగా ఉండాలి, పాలిపోయి ఉన్నా, దవడ కింద నీరు సంచిలా వేలాడుతున్నా కడుపులో నట్టలో (పురుగులు), కాలేయంలో జలగలో ఉన్నట్టే. ముక్కు కారడం, కళ్ళల్లో పుసి, తోకకి పారుడు అంటుకుని ఉండటం, వీటిలో ఏది కనిపించినా మొత్తం మందనే వదిలేసి వచ్చేయండి, పీపీఆర్ (గొర్రెలకి, మేకలకి వచ్చే అంటురోగం) అయితే మీ ఇంట్లో ఉన్నవాటికి కూడా అంటుకుంటుంది. రంగుని నమ్మకండి, ఏరిన ప్రతిదాన్నీ మొహం కనపడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తూకం పొద్దున్నే మేతకి ముందు మీ కళ్ళ ముందే వేయించండి.

తెచ్చినవాటిని పాతవాటితో వెంటనే కలపకండి, మూడు వారాలు వేరే చోట కట్టండి, గింజ కొద్దికొద్దిగా అలవాటు చేయండి. పీపీఆర్, చిటుక టీకాలు వేశారో లేదో అమ్మినవాడి మాట మీద వదిలేయకుండా మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడగండి, ఏదన్నా తేడా అనిపిస్తే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి.

ఇలాగే ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మిగతా డబ్బు ఇచ్చే ముందు నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, మా దగ్గరున్న ఫొటోలు పంపిస్తా.