హువావే ఈ3372 డాంగిల్ లినక్స్ మీద: పేరు ఒకటే, రకాలు రెండు

సిమ్‌తో ఇంటర్నెట్ వాడుకోవడానికి లినక్స్‌కు ఏ యూఎస్‌బీ డాంగిల్ బాగుంటుందని అడిగితే తరచుగా వినబడే పేరు హువావే ఈ3372. ఇది ఎల్‌టీఈ నాలుగో కేటగిరీ పరికరం. కాగితం మీద డౌన్‌లోడ్ 150 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 50. బయటి యాంటెన్నా తగిలించుకోవడానికి రెండు చిన్న సాకెట్లున్నాయి, మైక్రోఎస్‌డీ కార్డు కూడా పడుతుంది. హార్డ్‌వేర్ గురించి ఇంతకు మించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు తేడా అంతా ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఒకే పేరుతో, ఒకే ఆకారంలో హైలింక్ (తానే చిన్న రౌటర్‌లా పనిచేసేది), స్టిక్ (మోడెమ్‌గా పనిచేసేది) అని రెండు రకాలు దొరుకుతాయి. లినక్స్ కంటికి ఇవి రెండూ వేర్వేరు పరికరాలు. చేతికి వచ్చింది ఏ రకమో చూసుకోకుండా ఎక్కడో దొరికిన సూచనలు పాటిస్తే సగం కమాండ్లు పనిచేయవు, తప్పేమో డిస్ట్రో (డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ రకం) మీదికి పోతుంది.

తేల్చుకోవడం తేలికే. డాంగిల్ గుచ్చి, కొన్ని సెకన్లు ఆగి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొట్టండి. (ఇక్కడ చెప్పే కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. చిన్న వీ, పెద్ద జే అని చెప్పే ఆప్షన్ల ముందు హైఫన్ పెట్టాలి.) హువావే వెండర్ నంబరు 12డీ1. దాని పక్కన 14డీసీ ఉంటే హైలింక్, 1506 ఉంటే స్టిక్. 1ఎఫ్01 దగ్గరే ఆగిపోయి ఉంటే డాంగిల్ ఇంకా మోడెమ్‌గా మారలేదు.

ఆ మారడం సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఈ డాంగిళ్లు గుచ్చగానే ముందు సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. ఆ సీడీలో విండోస్ డ్రైవర్లుంటాయి. విండోస్‌లో ఇన్‌స్టాలర్ తన పని ముగించాక ఒక ఆదేశం పంపి డాంగిల్‌ను మోడెమ్‌గా మారుస్తుంది. లినక్స్‌లో ఆ ఆదేశం పంపేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్. అది పంపేదల్లా 31 బైట్ల ఒక్క స్కజీ (డ్రైవ్‌లకు ఆదేశాలిచ్చే పద్ధతి) సందేశం. సెట్టింగుల ఫైలు తెరిస్తే అదే 62 హెక్స్ అంకెలుగా కనిపిస్తుంది. మొదటి ఎనిమిది అంకెలు 55534243, అంటే యూఎస్‌బీసీ అనే నాలుగు అక్షరాలు. ఏ డాంగిల్‌కు ఏ సందేశం పంపాలో చెప్పే డేటా వేరే ప్యాకేజీలో ఉంటుంది. డెబియన్‌లో, ఉబుంటులో రెండూ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. కుదించిన సర్వర్ ఇన్‌స్టాలేషన్లలో అసలు ప్రోగ్రామే ఉండకపోవచ్చు.

అన్నీ ఉన్నా 1ఎఫ్01 మారకపోతే చేత్తో మార్చవచ్చు. సుడో యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని కొట్టి (యూఎస్‌బీకీ మోడ్‌స్విచ్‌కీ మధ్య అండర్‌స్కోర్), చిన్న వీ తర్వాత 12డీ1, చిన్న పీ తర్వాత 1ఎఫ్01, చివర పెద్ద జే ఇవ్వండి. పెద్ద జే అంటే హువావే కొత్త పద్ధతి సందేశం. పెద్ద హెచ్ అనేది పాత పరికరాల పద్ధతి, ఇక్కడ దానితో పనిలేదు. వర్చువల్ మెషీన్‌లో వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1ఎఫ్01 నంబరుకు మాత్రమే ఫిల్టర్ పెడితే, మారిన మరుక్షణం డాంగిల్ వర్చువల్ మెషీన్ చేజారి మళ్లీ హోస్ట్ దగ్గరికి పోతుంది. పాత, కొత్త నంబర్లు రెండింటికీ ఫిల్టర్ పెట్టాలి.

హైలింక్ రకానికి లినక్స్‌లో మార్కులు ఎక్కువే పడతాయి. మారడం పూర్తయితే కెర్నెల్‌లోని సీడీసీ ఈథర్ డ్రైవర్ దాన్ని మామూలు నెట్‌వర్క్ కార్డులా చూపిస్తుంది, డాంగిలే డీహెచ్‌సీపీ ద్వారా మీ మెషీన్‌కు ఐపీ అడ్రస్ తనంతట తానే ఇస్తుంది. బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిచి ఏపీఎన్ (మీ మొబైల్ కంపెనీ డేటా కనెక్షన్ పేరు), సిమ్ పిన్ పెడితే సరి. లినక్స్‌లో మోడెమ్‌లను నడిపే మోడెమ్‌మేనేజర్ సర్వీస్ కమాండ్ ఎంఎంసీఎల్‌ఐతో మోడెమ్‌ల జాబితా అడిగితే ఏదీ లేదంటుంది, కంగారు పడనక్కర్లేదు. మోడెమ్ పనంతా డాంగిల్ లోపలే జరిగిపోతుంది, బయట మోడెమ్‌మేనేజర్‌కు చేయడానికేమీ మిగలదు.

అయితే దీని సుఖం వెనకే సిమ్ డేటా కరిగిపోయే దారి కూడా ఉంది. లినక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ఈథర్‌నెట్‌కు రూట్ మెట్రిక్ 100, వైఫైకి 600, మొబైల్ మోడెమ్‌కు 700 ఇస్తుంది. తక్కువ అంకె ఉన్నదే ముందు వాడకంలోకి వస్తుంది. హైలింక్ ఈథర్‌నెట్ వేషంలో ఉంది కాబట్టి వైఫై నడుస్తున్నా ట్రాఫిక్ అంతా సిమ్ మీదుగానే పోతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ కమాండ్ ఎన్ఎంసీఎల్‌ఐతో ఆ కనెక్షన్‌కు ఐపీవీ4 రూట్ మెట్రిక్ 700 అని పెట్టి, కనెక్షన్‌ను ఒకసారి దించి ఎత్తండి. ఐపీవీ6 వాడుతుంటే దానికీ అదే పెట్టాలి.

రెండు డాంగిళ్లతో రెండు సిమ్‌లు నడపాలనుకునేవాళ్లు మాత్రం హైలింక్ జోలికి పోకపోవడం మంచిది. చాలా హైలింక్ ముక్కల్లో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఒకటే: 0సీ:5బీ:8ఎఫ్:27:9ఏ:64. నెట్‌వర్క్ కార్డుకు పేరు ఈ అడ్రస్ నుంచే పుడుతుంది కాబట్టి రెండో డాంగిల్‌కు ఆ పేరు దొరకదు. పైగా రెండింటి లోపలి నెట్‌వర్కూ 192.168.8 తోనే మొదలవుతుంది. డాంగిల్ ఒక రౌటర్‌లా నడుమ నిలబడుతుంది గనక బయటి నుంచి మీ మెషీన్‌కు కనెక్షన్ రావాలంటే ఒక నాట్ (రౌటర్ చేసే అడ్రస్ మార్పిడి) అదనంగా దాటాలి. ఎస్ఎంఎస్ చదవాలంటే డాంగిల్ వెబ్ ఏపీఐని (ప్రోగ్రామ్‌లు డాంగిల్‌తో మాట్లాడే దారిని) అడగాలి, దానికి ముందు సెషన్ టోకెన్ తీసుకోవాలి.

సర్వర్లకు, గేట్‌వేలకు, రాస్ప్‌బెర్రీ పైలకు స్టిక్ రకమే సరైనది. మొదటిసారి కొంచెం పని పెడుతుంది, ఆ తర్వాత సిమ్ మీద పట్టు మీ చేతిలో ఉంటుంది. 1506గా మారాక ఆప్షన్ డ్రైవర్ టీటీవైయూఎస్‌బీ అనే సీరియల్ పోర్టులను తెస్తుంది, హువావే ఎన్‌సీఎం డ్రైవర్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ను తెస్తుంది. తర్వాతి వరుస ఇది: ఎంఎంసీఎల్‌ఐకి పెద్ద ఎల్ ఇచ్చి మోడెమ్ కనిపిస్తోందో లేదో చూడండి, గుచ్చిన వెంటనే కనిపించకపోతే మోడెమ్‌మేనేజర్ పోర్టులు తడిమి చూసేదాకా కాసేపు ఆగండి. చిన్న ఎం తర్వాత 0 ఇస్తే స్థితి తెలుస్తుంది. లాక్డ్ అని ఉంటే సిమ్ పిన్ ఇవ్వాలి. ఆ తర్వాత ఎన్ఎంసీఎల్‌ఐతో జీఎస్ఎం రకం కనెక్షన్ ఒకటి చేర్చి, ఇంటర్‌ఫేస్ పేరు చోట నక్షత్రం గుర్తు పెట్టి, మీ నెట్‌వర్క్ ఏపీఎన్ ఇవ్వండి. ఆ నక్షత్రానికి కోట్స్ తప్పనిసరి. లేకపోతే షెల్ దాన్ని మీ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లుగా విప్పేస్తుంది, వచ్చే ఎర్రర్ చూసి తల పట్టుకుంటారు. స్క్రిప్టులు రాసేవాళ్లు మోడెమ్ నంబరు ఎప్పుడూ 0 అనుకోవద్దు. తీసి గుచ్చిన ప్రతిసారీ అది 1, 2 అంటూ పెరుగుతుంది.

పాత సూచనల్లో కనిపించే డబ్ల్యూవీడయల్ (డయల్‌అప్ ప్రోగ్రామ్) దారి, *99# డయల్ చేయడం, ఇప్పటికీ పనిచేస్తుంది. కానీ డేటా అంతా సీరియల్ పోర్టులో పీపీపీ (పాత డయల్‌అప్ పద్ధతి) మీదుగా పోవడంతో ఎల్‌టీఈ వేగం అందులోనే నలిగిపోతుంది. దాన్నే వాడతామంటే మోడెమ్‌మేనేజర్ సర్వీస్‌ను ముందు ఆపండి, లేదంటే రెండూ ఒకే పోర్టు కోసం కొట్టుకుంటాయి. పోర్టు తెరవడానికి అనుమతి లేదంటే డెబియన్‌లో, ఉబుంటులో మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రండి.

సిగ్నల్ చూడ్డానికి చాలామంది సీఎస్‌క్యూ అనే ఏటీ కమాండ్ (మోడెమ్‌కు నేరుగా ఇచ్చే ఆదేశం) వాడతారు. 0 నుంచి 31 దాకా వచ్చే అంకెను 2తో హెచ్చించి 113 తీసేస్తే డీబీఎంలో సిగ్నల్ బలం వస్తుంది. 10 వస్తే మైనస్ 93. 99 వస్తే కొలత లేదని అర్థం, బ్రహ్మాండమైన సిగ్నల్ అని కాదు. ఎల్‌టీఈకి నిజంగా పనికొచ్చేది ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే ఎల్‌టీఈ సిగ్నల్ కొలత. దానికి ఎంఎంసీఎల్‌ఐలో సిగ్నల్ సెటప్‌కు సెకన్లు ఇచ్చి, తర్వాత సిగ్నల్ గెట్ అడగాలి.

కాసేపు బాగానే నడిచి, పెద్ద డౌన్‌లోడ్ మొదలవగానే పడిపోతుంటే డ్రైవర్లను తిట్టేముందు డీమెస్‌జీ (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) చూడండి. యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అన్న వరుస పదేపదే వస్తుంటే ముందు అనుమానించాల్సింది కరెంటును. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, చిన్న బోర్డుల్లో ఉన్న కొద్దిపాటి కరెంటునే పోర్టులన్నీ పంచుకోవాల్సి వస్తుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెడితే చాలావరకు కుదురుకుంటుంది.

హైలింక్‌ను స్టిక్‌గా మార్చే ఫర్మ్‌వేర్లు చలామణిలో ఉన్నాయి. కానీ ఈ3372హెచ్‌లో ఒక చిప్, ఈ3372ఎస్‌లో వేరే చిప్. ఒకదాని ఫైలు రెండోదానికి ఎక్కిస్తే డాంగిల్ చచ్చిపోవచ్చు. అంత సాహసం కన్నా మొదటే స్టిక్ రకం అడిగి కొనడం తెలివైన పని. కొనేటప్పుడు మోడల్ చివరి మూడంకెలు కూడా చూడండి. 153 రకంలో ఎల్‌టీఈ బ్యాండ్లు 1, 3, 7, 8, 20 ఉంటాయి. 607లో 28, 40 ఉంటాయి. మీ నెట్‌వర్క్ బ్యాండ్ 40 మీద నడుస్తుంటే 153 దాన్ని అసలు పట్టుకోదు, అక్కడ లినక్స్ చేయగలిగిందేమీ లేదు.