శిబిరాల్లో చిక్కుకున్న పిల్లలూ పార్లమెంటరీ నిజ నిర్ధారణా: ఐరోపా మండలి పద్ధతిపై సమీక్ష

పార్లమెంటరీ నిజ నిర్ధారణను, అంటే పార్లమెంటు సభ్యులే వాస్తవాలు సేకరించి నివేదించే పనిని, ఒక ప్రజాసేవగా భావించి, దానిపై ఆశ పెట్టుకున్న కుటుంబాల వైపు నుంచి విలువ కట్టాలంటే, స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మండలి (మానవ హక్కుల కోసం ఐరోపా దేశాలు ఏర్పరచుకున్న సంస్థ; ఐరోపా యూనియన్ కాదు) పార్లమెంటరీ అసెంబ్లీ పద్ధతిని పరిశీలించడం ఉపయోగకరం. సభ్యదేశాల పార్లమెంటుల నుంచి వచ్చిన ప్రతినిధులే ఈ సభలో కూర్చుంటారు. ఇస్లామిక్ స్టేట్ (ఐసిస్)తో కలిసిన తల్లిదండ్రుల వల్ల సిరియా, ఇరాక్‌లలో చిక్కుకుపోయిన పిల్లలను స్వదేశాలకు రప్పించే విషయాన్ని ఈ సభ చేపట్టి, 2020 జనవరి 30న 2321వ తీర్మానంగా ఆమోదించింది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆరంభమే. ప్రతిపాదనపై కనీసం ఐదు దేశాల ప్రతినిధి వర్గాలకు చెందిన 20 మంది సభ్యులు సంతకం చేయాలి కాబట్టి, అది ఏ ఒక్క దేశపు అధికార, ప్రతిపక్షాల వాగ్వాదంగానో మిగిలిపోదు. ప్రతిపాదన కమిటీకి వెళ్లాక ఒక సభ్యుడికి నివేదిక బాధ్యత అప్పగిస్తారు; ఆయన క్షేత్ర పర్యటనకు వెళ్లాలంటే కమిటీ అనుమతించాలి. పర్యటన కుదరని చోట్ల సభ్యదేశాల పార్లమెంటులకు ప్రశ్నావళి పంపి, ఎంతమంది పిల్లలు తిరిగి వచ్చారో, ఏ శాఖ బాధ్యత వహిస్తోందో లిఖితపూర్వకంగా రాబట్టవచ్చు. చూడటానికి చప్పగా కనిపించే ఈ ప్రశ్నావళే, నా దృష్టిలో, ఫొటోలతో ముగిసే పర్యటనల కంటే ఎక్కువ పని చేస్తుంది.

గడువు దగ్గర మాత్రం ఈ సేవ కుంటుతుంది. కమిటీకి నివేదించిన అంశం రెండేళ్లలో తేలకపోతే, పొడిగింపు లభించని పక్షంలో, మురిగిపోతుంది. శాసన వ్యవహారాల్లో రెండేళ్లు పెద్ద వ్యవధి కాదు గాని, గుడారంలో పుట్టి ఏ దేశపు జనన ధ్రువీకరణ పత్రమూ లేని బిడ్డకు అది దాదాపు జీవితమంతా.

అంతకంటే పెద్ద చిక్కు ద్వారం వద్ద ఎదురవుతుంది. ఈ పిల్లలను, తల్లులను ఉంచిన ఈశాన్య సిరియాలోని అల్-హోల్, రోజ్ శిబిరాలను ఏళ్ల తరబడి నిర్వహించిన కుర్దుల సారథ్యంలోని పాలనకు దేశంగా గుర్తింపు లేదు. అందువల్ల ప్రవేశానుమతి దౌత్య మార్గాల కంటే స్థానికాధికారుల ఇష్టాయిష్టాల మీదే ఆధారపడింది. 2021లో అక్కడికి వెళ్లిన కొందరు ఫ్రెంచ్ పార్లమెంటు సభ్యులకు రోజ్ శిబిరంలోకి అనుమతి దొరకలేదు. సభ ఇచ్చిన అధికార పత్రం సభ్యుడి సంచిలో ఉన్నంత మాత్రాన గేటు తెరుచుకోదు.

లోపలికి వెళ్లగలిగినా, వచ్చిన ప్రతి బృందమూ ఒకే బిడ్డ చేత అవే భయాలను మళ్లీ మళ్లీ చెప్పించడం హింసే అవుతుంది. ముందు వచ్చినవారు నమోదు చేసిన వాంగ్మూలాలను గోప్యంగా పంచుకోవడం, ప్రచురించే నివేదికలో పేరూ ఊరూ తొలగించడం ప్రతి పర్యటనకూ ముందస్తు షరతులు కావాలి.

ఫలితం విషయానికొస్తే, 2321వ తీర్మానం పిల్లలను తల్లులతో సహా రప్పించమని కోరిందే తప్ప, ప్రభుత్వాలను కట్టడి చేయలేదు. అదే ఐరోపా మండలికి చెందిన మానవ హక్కుల న్యాయస్థానం 2022 సెప్టెంబరు 14న, సిరియా శిబిరాల్లోని తమవారిని రప్పించడానికి ఫ్రాన్స్ నిరాకరించిందంటూ కుటుంబాలు వేసిన కేసులో తీర్పునిస్తూ, స్వదేశానికి రప్పించుకునే సార్వత్రిక హక్కు లేదంటూనే, తిరస్కరణలో నిరంకుశత్వం లేదని స్వతంత్ర సంస్థ సమీక్షించాలని స్పష్టం చేసింది. కాబట్టి ఈ సేవకు ఐదుకు మూడు మార్కులే ఇస్తాను. తమ సభ్యుడిని ఆశ్రయించే కుటుంబాలు పర్యటన తేదీ కంటే ముందు, ప్రశ్నావళిలో తమ ప్రభుత్వం ఏమి జవాబిచ్చిందో అడగడం మంచిది.