అలర్జీ చుక్కల మందుకు డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

ఆ క్లినిక్ పేరు రాయను. మెట్రో స్తంభాల మీద తుమ్ముతున్న ముక్కు బొమ్మ చూసినవారికి చెప్పనక్కరలేదు. పదేళ్లుగా తుమ్ములు, తెల్లవారితే ముక్కు దిబ్బడ, రోజూ సెట్రిజిన్. మూడేళ్లు నాలుక కింద చుక్కలు వేసుకుంటే అలర్జీ మూలం నుంచి పోతుందన్నారు. మొదటి ఏడాదికి 42,000 ఒకేసారి కట్టేశాను. వాయిదాలు అడగడానికి నామోషీ మరి!

నిన్న మిట్టమధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. మే నెల ఎండలో, ఐసు ముక్కయినా లేని అట్టపెట్టెలో మూడు సీసాలు. ముట్టుకుంటే కాఫీ గ్లాసులా ఉన్నాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని వాళ్లిచ్చిన కాగితమే చెబుతోంది. లేబుల్ మీద నా పేరు తప్ప ఏమీ లేదు. లోపల ఏముందో, ఎంత ఉందో, గడువు ఎప్పటిదాకానో దేవుడికే తెలియాలి.

ఫోను చేశాను. కౌంటర్‌లో అతను నవ్వాడు.

‘‘పెరుగు కాదు కదా సార్, పులిసిపోవడానికి!’’

లోపల ఏం కలిపారని అడిగితే, ‘‘డాక్టరుగారి ఫార్ములా సార్, చెప్పినా మీకు అర్థం కాదు’’ అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. పావుగంట సంగీతం వినిపించి పెట్టేశాడు. రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుంటుంటే ఆ నవ్వే చెవిలో మోగింది. ముద్ద దిగలేదు.

నా తెలివి కూడా చెప్పుకోవాలి. చర్మ పరీక్షకు ముందురోజు రాత్రి సెట్రిజిన్ వేసుకునే వెళ్లాను, ఆ మాత్ర దద్దురు లేవనివ్వదని తెలియక. ఎవరూ అడగలేదు. పరీక్ష పనిచేస్తోందో లేదో చూడటానికి వేసే హిస్టమిన్ చుక్క ఎవరికైనా దద్దురు లేపాలి. నా చేతి మీద అదీ లేవలేదు. అయినా రిపోర్టులో 14 అలర్జీలు! బొద్దింక, వయ్యారిభామ పుప్పొడి సరే, వంకాయ కూడా. నమ్మి మూడు వారాలు గుత్తివంకాయ ముట్టని వెర్రివెంగళప్పను నేను.

చికిత్స మీద నాకు కోపం లేదు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సూదులతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. సరైన మందు మూడేళ్లు వాడితే, ఆపిన తర్వాత కూడా చాలామందికి మేలు నిలుస్తుంది. ఇవన్నీ డబ్బు కట్టాక రాత్రంతా కూర్చుని చదివాను.

మీరైనా పరీక్షకు ముందు అలర్జీ మాత్రలు ఎన్ని రోజులు ఆపాలో అడగండి. లేబుల్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. మొదటి మోతాదు డాక్టరు ఎదుటే వేసుకుని అరగంట కూర్చోండి. నన్నయితే ఇంట్లోనే వేసుకోమన్నారు.

సీసాలు ప్రస్తుతం ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉన్నాయి. రేపు రసీదుతో సహా పట్టుకెళ్తున్నాను.